చిట్టా రాసే సేవ, విడిచిపెట్టని స్మృతి: లాగింగ్ వ్యవస్థల్లో మెమరీ లీకుల అన్వేషణ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటర్‌లో ఏ క్షణాన ఏమి జరిగిందో వరుసగా నమోదు చేసే ప్రోగ్రామును లాగింగ్ సేవ అంటారు. ఇతర ప్రోగ్రాముల లోపాలను పట్టుకోవడానికి ఆధారమైన ఈ సేవలోనే మెమరీ లీక్ ఏర్పడితే దాన్ని కనిపెట్టడం కష్టం. ఈ కష్టానికి కారణం సాంకేతికత మాత్రమే కాదు. నమోదు చేసే పనికి వ్యవస్థలో ఇచ్చిన స్థానం కూడా అందుకు కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సిస్‌లాగ్ పుట్టుక నుంచి 2012 నాటి అమెజాన్ అంతరాయం, 2019లో జర్నల్‌డీలో బయటపడిన లీకు వరకు జరిగిన పరిణామాన్ని పరిశీలించి, డేటా కేంద్రాలకు నెలవైన శంషాబాద్ పరిసరాలకు ఈ చరిత్ర ఎందుకు ముఖ్యమో 2024 జూలై 19 నాటి ఘటన నేపథ్యంలో వివరించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మెమరీ లీక్, లాగింగ్ సేవ, సిస్‌లాగ్, జర్నల్‌డీ, డేటా కేంద్రం, శంషాబాద్, చిట్టా.

1. ప్రస్తావన

రంగారెడ్డి జిల్లా శంషాబాద్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలో 2008 మార్చి 23న విమానాల రాకపోకలు మొదలయ్యాయి. బేగంపేటనుంచి వాణిజ్య విమానాలు ఇక్కడికి మారాయి. ఆ తర్వాతి దశాబ్దంన్నరలో ఈ పరిసరాలు గిడ్డంగులు, హోటళ్లు, విశాలమైన రహదారులతోపాటు మరొక తరహా కట్టడాలకూ నెలవయ్యాయి. అవి డేటా కేంద్రాలు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ సంస్థ 2020 నవంబరులో రూ. 20,761 కోట్ల పెట్టుబడిని ప్రకటించి, 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. 2016లో మొదలైన ముంబయి తర్వాత మనదేశంలో ఆ సంస్థకు ఇది రెండవ రీజియన్. దీని కేంద్రాలకోసం ఎంపిక చేసిన షాబాద్ మండలంలోని చందనవెల్లి, కందుకూరు మండలంలోని మీర్‌ఖాన్‌పేట, మహేశ్వరం మండలం రావిర్యాల వద్ద ఉన్న ఫ్యాబ్‌సిటీ, మూడూ విమానాశ్రయం ఉన్న జిల్లాలోనివే.

ఒకప్పుడు పట్వారీలు ఏటా పహాణీలో సాగు వివరాలు రాసిన ఊళ్లు ఇవి. ఇప్పుడు ఇవే ఊళ్లలో సర్వర్లు క్షణక్షణం తమ స్థితిని తామే రాసుకుంటున్నాయి. పహాణీకీ సర్వర్ లాగ్‌కూ రూపంలో పోలిక లేదు. ప్రయోజనంలో మాత్రం ఉంది. వివాదం వచ్చిన రోజున రెండింటినీ సాక్ష్యంగానే తెరుస్తారు. అటువంటి సాక్ష్యాన్ని రాసే వ్యవస్థే రోగగ్రస్తమైతే ఆ సంగతి ఎవరు రాయాలి? ఈ ప్రశ్నకు కంప్యూటర్ చరిత్ర ఏయే దశల్లో ఏయే సమాధానాలు వెదికిందో పరిశీలించవలసి ఉంది.

2. పదవిచారణ: కారేది ఏది?

మెమరీ లీక్ అనే మాటను తెలుగులో అక్షరాలా అనువదిస్తే 'స్మృతి కారడం' అవుతుంది. ఈ అర్థం పాఠకుణ్ణి పక్కదారి పట్టిస్తుంది. కుండలోని నీరు కారిపోతే కుండ ఖాళీ అవుతుంది. మెమరీ లీక్‌లో జరిగేది దీనికి విరుద్ధం. ఏదీ బయటికి పోదు, అనవసరమైనది లోపలే పేరుకుపోతుంది.

సి భాషలో రాసిన ప్రోగ్రాము పని నడుస్తుండగా తనకు కావలసిన జాగాను 'మాలాక్' అనే ప్రమేయం ద్వారా అడిగి తీసుకుంటుంది. పని ముగిశాక 'ఫ్రీ' అనే ప్రమేయం ద్వారా తిరిగి ఇచ్చేయాలి. తిరిగి ఇవ్వకుండానే ఆ జాగా చిరునామాను పోగొట్టుకుంటే అది ఆ ప్రోగ్రాము పేరుమీదనే ఉండిపోతుంది. తాళం వేసిన గది తాళంచెవి పోయినట్లే. యజమాని లోపలికి పోలేడు, మరొకరికి అద్దెకూ ఇవ్వలేడు. అందువల్ల మెమరీ లీక్‌ను మరపుగా కాక, విడిచిపెట్టలేకపోవడంగా అర్థం చేసుకోవడం సమంజసం.

నిమిషంలో ముగిసే ప్రోగ్రాములో ఈ దోషం కనబడదు. ప్రోగ్రాము ముగియగానే దాని జాగా అంతటినీ ఆపరేటింగ్ సిస్టమ్ స్వాధీనం చేసుకుంటుంది. లాగింగ్ సేవ అలాంటిది కాదు. యంత్రం మేలుకొన్నప్పుడు మొదలై, మళ్లీ ఆపేవరకు నడుస్తూనే ఉంటుంది. ఉదాహరణకు ఒక్కొక్క సందేశానికి 100 బైట్ల చొప్పున జాగా విడవకుండా మిగిలిపోతున్నదనుకుందాం. క్షణానికి వెయ్యి సందేశాలు వచ్చే సర్వర్‌లో రోజుకు 864 కోట్ల బైట్లు, అంటే సుమారు 8.64 గిగాబైట్లు, నిరుపయోగమవుతాయి. ఒక సందేశం వద్ద చూస్తే గమనించదగినంత కాదు. ఒక రోజు గడిచేసరికి యంత్రాన్ని కూలదోసేంత అవుతుంది.

3. చిట్టా వ్యవస్థ పరిణామం

వర్తకుల లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్లు ఏరోజుకారోజు రాసేది చిట్టా. దాన్ని ఖాతాలవారీగా సర్దేది ఆవర్జా. సర్వర్ లాగ్ మొదటి కోవకు చెందుతుంది. ఈ వ్యాసంలో లాగ్‌కు పర్యాయంగా చిట్టా అనే మాటను వాడడానికి ఇదే కారణం.

యూనిక్స్ వ్యవస్థలో ప్రతి ప్రోగ్రామూ తన చిట్టాను తనకు తోచిన చోట రాసుకునే రోజుల్లో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ 1980ల తొలినాళ్లలో సిస్‌లాగ్‌ను రూపొందించారు. ఆయన నిర్మించిన సెండ్‌మెయిల్ అనే టపా ప్రోగ్రాముకు తోడుగా పుట్టిన ఈ సాధనం, క్రమంగా అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడి గుమాస్తా అయింది. ముందుగా వాడుక స్థిరపడి, ప్రమాణం ఆ తర్వాత వచ్చింది. అప్పటికే ఉన్న వాడుకను 2001 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సి 3164 అనే పత్రం వర్ణించింది. 2009 మార్చిలో రైనర్ గేర్‌హార్డ్స్ రచించిన ఆర్‌ఎఫ్‌సి 5424 దానికి ప్రమాణరూపం కల్పించింది. భాషలో వాడుక ముందు, వ్యాకరణం వెనుక వచ్చిన తీరును ఇది తలపిస్తుంది.

తొలినాటి సిస్‌లాగ్ ఒక యంత్రంనుంచి మరొక యంత్రానికి సందేశాలను యూడీపీ పద్ధతిలో పంపేది. అది పోస్టుకార్డు వేయడంవంటిది. డబ్బాలో వేయడంతో పంపినవాడి బాధ్యత తీరుతుంది, అందినట్లు రసీదు రాదు. దారిలో కొన్ని పోవచ్చు. ఆ నష్టాన్ని ముందే అంగీకరించి కట్టిన వ్యవస్థ అది. ఈ అంగీకారం తర్వాతి చరిత్ర మొత్తాన్నీ ప్రభావితం చేసింది.

చిట్టాకు న్యాయపరమైన, భద్రతాపరమైన విలువ పెరిగేకొద్దీ సందేశాలు పోవడం సహింపరానిదయింది. గేర్‌హార్డ్స్ 2004లో ప్రారంభించిన ఆర్‌సిస్‌లాగ్ వంటి సాధనాలు రసీదు ఉండే టీసీపీ పద్ధతిని ఆదరించాయి. పోస్టుకార్డు స్థానంలో రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చిందన్నమాట. దీనితోపాటు ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. అందుకోవలసిన సర్వర్ పలకకపోతే, అంతవరకు ఉత్తరాలు ఎక్కడ వేచి ఉండాలి? మొదట మెమరీలో వరుస కట్టాలి, అక్కడ చోటు చాలకపోతే డిస్కుమీదికి చేరాలి. నమ్మకం పెంచుకునే ప్రయత్నమే మెమరీమీద భారాన్ని పెంచింది. పోస్టుకార్డుల కాలంలో లేని సమస్య ఇది.

2011 నవంబరులో లెనార్ట్ పోయెటరింగ్, కే సీవర్స్ ప్రకటించిన జర్నల్ పథకంతో ఈ పరిణామం మరొక మలుపు తిరిగింది. సిస్టమ్‌డీలో భాగమైన జర్నల్‌డీ ప్రతి సందేశంతోపాటు దాన్ని పంపిన ప్రోగ్రాము పేరు, సంఖ్య, దాన్ని నడపడానికి ఇచ్చిన పూర్తి ఆదేశవాక్యం వంటి వివరాలనూ జతచేస్తుంది. చిట్టా సమాచారసంపన్నమయింది. ఒక్కొక్క పద్దుకు అడిగి తీసుకుని తిరిగి ఇవ్వవలసిన జాగా కూడా ఆ మేరకు పెరిగింది.

4. అన్వేషణ సాధనాలు

లీకులను పట్టుకునే ప్రయత్నాలు మూడు మార్గాల్లో సాగాయి. మొదటిది, జాగాను విడిచే బాధ్యతను ప్రోగ్రాము రాసేవారినుంచి తొలగించడం. జాన్ మెకార్తీ 1960లో ప్రచురించిన లిస్ప్ భాషా పత్రంలోనే ఇందుకు బీజం ఉంది. వాడుకలో లేని జాగాను వ్యవస్థే ఏరి తీసుకునే ఈ విధానం జావా వంటి భాషల్లోకి ప్రవహించింది. అయితే దీర్ఘకాలం నడిచే లాగింగ్ సేవల్లో అధికభాగం వేగంకోసం సి భాషలోనే ఉండిపోయాయి.

రెండవది, జాగా రాకపోకలకు ప్రత్యేకంగా లెక్క రాయడం. రీడ్ హేస్టింగ్స్, బాబ్ జాయిస్ 1992లో వివరించిన ప్యూరిఫై ఈ కోవలో ప్రసిద్ధమయింది. ఈ హేస్టింగ్స్ తర్వాతికాలంలో నెట్‌ఫ్లిక్స్ సహవ్యవస్థాపకుడు. 2002లో జూలియన్ సీవార్డ్ విడుదల చేసిన వాల్‌గ్రైండ్ అదే సౌకర్యాన్ని ఉచితంగా అందించింది. చిరునామా పూర్తిగా పోయిన జాగాను, చిరునామా ఇంకా చేతిలో ఉన్న జాగాను అది విడివిడిగా చూపిస్తుంది. లాగింగ్ సేవ విషయంలో ఈ విభజన కీలకం. వరుసలో వేచి ఉన్న సందేశాలు రెండవ తరగతిలోనివి. అవి ఎంత పెరిగినా నిర్వచనం ప్రకారం లీకు కాదు. వాల్‌గ్రైండ్ కింద ప్రోగ్రాము ఎన్నో రెట్లు నెమ్మదిస్తుంది కాబట్టి, నిత్యం పనిలో ఉన్న సర్వర్‌మీద దాన్ని ప్రయోగించడం సాధారణంగా సాధ్యం కాదు.

మూడవది, దోషం ఉంటుందని ఒప్పుకుని దానితో కాపురం చేయడం. బెల్ ల్యాబ్స్‌కు చెందిన హువాంగ్, కింటాలా తదితరులు 1995లో 'సాఫ్ట్‌వేర్ పునర్యౌవనం' అనే భావనను ప్రతిపాదించారు. చాలాకాలం నడిచిన ప్రోగ్రాము వృద్ధాప్యానికి లోనవుతుంది కనుక, అది కూలకముందే నిర్ణీత వ్యవధిలో ఆపి మళ్లీ మొదలుపెట్టాలని దీని సారాంశం. ఉపశమనంగా ఇది ఉపయోగకరమే. అయితే తిరిగి మొదలుపెట్టినప్పుడు రోగంతోపాటు రోగలక్షణాలూ చెరిగిపోతాయి. అన్వేషకుడికి ఆధారం మిగలదు.

ఈ సాధనాల వెనుక పనిచేసే తర్కం ఒక్కటే. మెమరీ వాడకం పెరుగుతున్నట్లు గమనించాక, ముందుగా అది వరుసా, లీకా అని తేల్చాలి. అందుకోవలసిన సర్వర్‌ను సరిచేసినప్పుడు వరుస కరిగి, లోపలి లెక్క తగ్గితే అది వరుస. వరుస ఖాళీ అయినా తగ్గకపోతే లీకుగా అనుమానించాలి. ఇక్కడా తొందర కూడదు. విడిచిన జాగాను మళ్లీ వాడుకోవడానికి మెమరీ నిర్వాహకుడే అట్టిపెట్టుకున్నా పైకి అలాగే కనిపిస్తుంది. జర్నల్‌డీ తన దస్త్రాలను మెమరీలో తెరిచి ఉంచడంవల్ల కూడా అంకె పెద్దదిగా కనిపించవచ్చు. ఆ తర్వాత ఒక్కొక్క రకం సందేశాన్ని విడిగా పంపి, ఏ రకానికి అంకె పెరుగుతున్నదో చూసి, ఆ సందేశం నడిచే దారిలో విడుదల కాని జాగాను వెదకాలి. పాఠపరిష్కర్త ప్రతులను సరిపోల్చి అపపాఠం ఎక్కడ చొరబడిందో నిర్ణయించే క్రమానికి ఇది దూరమైనది కాదు.

5. రెండు ఘటనలు

5.1. అమెజాన్, 2012 అక్టోబరు 22

అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ నిల్వ సర్వర్లమీద ఒక చిన్న ప్రోగ్రాము నడిచేది. సర్వర్ల నిర్వహణకు కావలసిన సమాచారాన్ని సేకరణ సర్వర్లకు నివేదించడం దాని పని. ఒక సేకరణ సర్వర్ పాడైతే దాన్ని మార్చి, కొత్త చిరునామాను డీఎన్‌ఎస్‌లో నమోదు చేశారు. ఆ మార్పు సంస్థలోని డీఎన్‌ఎస్ సర్వర్లన్నింటికీ చేరలేదు. ఫలితంగా కొన్ని నిల్వ సర్వర్లు పాత చిరునామానే పిలుస్తూ ఉండిపోయాయి. ప్రతి విఫలప్రయత్నమూ కొంత మెమరీని తిరిగి ఇవ్వకుండా మిగిల్చింది. రోజులపాటు నెమ్మదిగా సాగిన ఈ లీకు, సోమవారం ఉదయానికి నిల్వ సర్వర్లు వాడుకరుల అభ్యర్థనలకు బదులివ్వలేని స్థితికి చేర్చింది. రెడిట్, ఫోర్‌స్క్వేర్ వంటి సైట్లు దెబ్బతిన్నాయి.

ఈ ఘటనపై సంస్థ బహిరంగంగా ఇచ్చిన వివరణలో గమనించవలసినవి రెండు. సేకరించే సమాచారం ఆలస్యమైనా, అందకపోయినా ఫరవాలేదన్న నియమంతో ఆ వ్యవస్థను నిర్మించారు. కాబట్టి నివేదికలు ఆగిపోయినప్పుడు ఎవరికీ హెచ్చరిక వెళ్లలేదు. రెండవది, మొత్తం మెమరీమీద నిఘా ఉన్నా, ఆ సర్వర్లు మెమరీని సహజంగానే హెచ్చుతగ్గులుగా వాడుకుంటాయి గనుక లీకు ఆ హెచ్చుతగ్గుల్లో కలిసిపోయింది. ముప్పై ఏళ్ల కిందట సిస్‌లాగ్ అంగీకరించిన 'పోతే పోనీ' అన్న సూత్రమే ఇక్కడ లీకుకు తెర పట్టింది. ప్రాముఖ్యం తక్కువైన పని కావడంవల్లనే దాని దోషం ప్రాముఖ్యం గల పనిని కూల్చేవరకు దాగింది.

5.2. జర్నల్‌డీ, 2019

2019 జనవరిలో భద్రతాసంస్థ క్వాలిస్ జర్నల్‌డీలో మూడు లోపాలను వెల్లడించింది. వాటిలో సివిఈ-2018-16864 ఒకటి. అత్యంత దీర్ఘమైన ఆదేశవాక్యం గల ప్రోగ్రాము చిట్టాకు సందేశం పంపితే, ఆ వాక్యానికి స్టాక్ అనే పరిమిత స్థలంలో చోటు కేటాయించబోయి జర్నల్‌డీ కూలేది. దీనికి చికిత్సగా ఆ వాక్యాన్ని స్టాక్‌నుంచి హీప్ అనే విశాల స్థలానికి మార్చారు.

ఈ రెండు స్థలాల ధర్మాలు వేరు. స్టాక్‌లోని జాగా ప్రమేయం ముగియగానే దానంతట అదే ఖాళీ అవుతుంది. హీప్‌లోని జాగాను ప్రోగ్రామే గుర్తుంచుకుని విడవాలి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌లో వాడే పాత జర్నల్‌డీకి ఈ చికిత్సను అనుసంధానించినప్పుడు, ఆదేశవాక్యానికి తీసుకున్న జాగాను విడిచే మెట్టు తప్పిపోయింది. సందేశం వచ్చినప్పుడల్లా కొంత జాగా చిక్కుకుపోయింది. ఇది సివిఈ-2019-3815గా నమోదైంది. స్థానికంగా ప్రవేశం ఉన్నవారు వరుసగా సందేశాలు పంపి జర్నల్‌డీని కూల్చే అవకాశం దీనివల్ల ఏర్పడింది.

సవరించిన పాఠాన్ని పూర్వప్రతిలోకి ఎక్కించేటప్పుడు, ఆ సవరణ ఆధారపడిన ఇరుగుపొరుగు వాక్యాలనూ చూడకపోతే కొత్త దోషం పుడుతుందని పాఠపరిష్కరణ చేసినవారికి అనుభవమే. సాఫ్ట్‌వేర్‌లో జరిగిందీ అదే. చికిత్సలో అంశం సరైనదే. అది వెంట తెచ్చిన బాధ్యత మాత్రం పాత ప్రతిలోకి రాలేదు.

6. శంషాబాద్ పరిసరాలు, 2024 జూలై 19

2024 జూలై 19న భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన ఫాల్కన్ సెన్సర్‌కు ఒక సమాచార దస్త్రాన్ని పంపింది. 10.57కి దాన్ని వెనక్కి తీసుకుంది. ఈ మధ్యకాలంలో దాన్ని అందుకున్న విండోస్ యంత్రాల్లో సుమారు 85 లక్షలు కూలిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు దేశంలోని విమానాశ్రయాల్లో చెక్‌ఇన్ వ్యవస్థలు స్తంభించాయి. శంషాబాద్‌లో ప్రయాణికులకు విమాన సంస్థ సిబ్బంది బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇచ్చారు. హైదరాబాద్‌నుంచి బయలుదేరే విమానానికి అలా రాసిన ఒక పాసు చిత్రం దేశమంతటా ప్రచారం పొందింది.

సాంకేతికంగా ఇది మెమరీ లీక్ కాదు. సెన్సర్‌లోని ప్రోగ్రాముకు 20 అంశాలే అందగా, కొత్త దస్త్రం 21వ అంశాన్ని పరిశీలించమన్నది. ప్రోగ్రాము తనది కాని జాగాను చదవబోయి కూలింది. లీకు నెమ్మదిగా సాగే క్షయమైతే ఇది హఠాన్మరణం. లీకు పునఃప్రారంభంతో తాత్కాలికంగా ఉపశమిస్తుంది. ఇక్కడ అనేక యంత్రాలు మళ్లీ మొదలుపెట్టినా మళ్లీ కూలాయి. ఒక్కొక్క యంత్రం వద్దకూ మనిషి వెళ్లి సరిచేయవలసి వచ్చింది.

ఈ భేదాన్ని గుర్తించిన తర్వాతనే సామ్యం విలువ తెలుస్తుంది. 2012లో కూల్చినది నివేదించే ప్రోగ్రాము. 2019లో లోపం కనబడినది నమోదు చేసే ప్రోగ్రాములో. 2024లో కూల్చినది కనిపెట్టి ఉండే ప్రోగ్రాము. మూడింటిలోనూ అసలు పని చేసే ప్రోగ్రాము నిర్దోషి. కాపలాకు, లెక్కకు పెట్టిన సహాయకుడే ప్రమాదకారణం. ప్రతి సర్వర్‌మీదా అటువంటి సహాయకులు ఉంటారు కాబట్టి వారి దోషం ఒకచోట ఆగదు. చందనవెల్లిలోనో మీర్‌ఖాన్‌పేటలోనో ఒక చిట్టా సేవ నెమ్మదిగా ఉబ్బితే, దాని ఫలితాన్ని అనుభవించేది ఆ కట్టడాన్ని ఎన్నడూ చూడని బ్యాంకు ఖాతాదారు, ఆసుపత్రిలో చీటీకోసం నిలబడిన రోగి, విమానం అందుకోవలసిన ప్రయాణికుడు.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. మెమరీ లీక్ అంటే మరపు కాదు, విడవవలసినదాన్ని విడవలేకపోవడం. తెలుగులో పారిభాషిక పదాన్ని కల్పించేవారు ఈ అర్థాన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

2. లాగింగ్ సేవలో లీకు దాగడానికి మూడు కారణాలు ఉన్నాయి. ఆ సేవ విరామం లేకుండా నడుస్తుంది. అందులో వరుస పెరగడం సహజం కాబట్టి లీకు వరుసలాగే కనబడుతుంది. దాని వైఫల్యాన్ని వ్యవస్థ ముందే క్షమించి ఉంటుంది.

3. పరిశీలించిన రెండు లీకులూ నిత్యం నడిచి నలిగిన దారిలో పుట్టినవి కావు. ఒకటి సంబంధం తెగిన వేళ మాత్రమే నడిచే దారిలో, మరొకటి తర్వాత అతికిన సవరణలో పుట్టాయి. పరీక్షలు తక్కువగా చేరేది ఇలాంటి చోట్లకే.

4. 2012 ఘటన తర్వాత అమెజాన్ ప్రకటించిన మార్పులు ఈ చరిత్రలో ఒక మలుపు. ఒక్కొక్క ప్రోగ్రాము మెమరీ వాడకాన్ని విడివిడిగా గమనించడం, అప్రధానమైన ప్రోగ్రాములు తమ వాటాను మించకుండా హద్దు విధించడం వాటిలో ముఖ్యమైనవి. చిట్టా రాసే సేవకు కూడా ఒక చిట్టా అవసరమని దీనితో అంగీకారం కుదిరింది. హద్దు దాటినప్పుడు సేవ కొన్ని సందేశాలను వదులుకోవలసి రావచ్చు. ఎన్ని వదులుకున్నదో రాసిపెట్టే సేవ, ఏమీ వదలక యంత్రాన్నే కూల్చే సేవకంటే మెరుగైన సాక్షి.

5. శంషాబాద్‌లో చేతిరాత పాసులు పనిచేయడానికి కారణం, వాటిని రాయగల సిబ్బంది, వాటిని అంగీకరించే పద్ధతి అక్కడ ఇంకా మిగిలి ఉండడం. డేటా కేంద్రాలు విస్తరించే కొద్దీ, యంత్రం మూగబోయిన పూట మనిషి చేతితో పని నడిపే ఈ ఏర్పాటును ఖర్చుగా కాక వ్యవస్థలో భాగంగా పరిగణించవలసి ఉంటుంది.